ఎదుటి జట్టుకు ఇచ్చిన నలుగురు

ఆదివారం తెల్లవారుతుండగా ఫలక్‌నుమాలో లోకల్ రైలెక్కాం. ఛత్రినాక, మొఘల్‌పురా అమ్మాయిలు పదిహేను మంది, వాళ్లకు హాకీ నేర్పే నేను. నిజామాబాద్‌లో కామారెడ్డి జట్టుతో మ్యాచ్. గెలిస్తే వచ్చే ఏడాది జిల్లాల లీగ్‌లో చోటు దొరుకుతుంది. మాకు ఇలాంటి అవకాశం రావడం ఇదే మొదటిసారి.

కాచిగూడలో దిగి నిజామాబాద్ రైలు పట్టుకున్నాం. జనరల్ బోగీలోనే అందరికీ సీట్లు దొరికాయి. మేడ్చల్ దాటాక టిఫిన్ డబ్బాలు విప్పాం. ఎదురుగా కూర్చున్న పెద్దాయన మా కర్రల కట్టను వింతగా చూశాడు.

"ఏంది బిడ్డా, గీ కట్టెలు?"

"హాకీ ఆడేటియి తాతా," అంది మా కెప్టెన్ మల్లిక.

"ఎవలతోని ఆడ్తరు?"

"గదే, దొర్కుతలేరు. గందుకే గింత దూరం పోతున్నం."

అందరూ నవ్వారు కానీ అది నిజం. ఇంట్లోవాళ్లు వద్దన్నందుకే అమ్మాయిలు ఆట మానేస్తారని చాలామంది అనుకుంటారు. నేను చూసినంతలో, ఎదుటి జట్టు దొరక్క మానేసినవాళ్లే ఎక్కువ. ఎన్నాళ్లని తమలో తామే రెండుగా చీలి ఆడతారు?

పదకొండు కావస్తుండగా నిజామాబాద్‌లో దిగి, చాయ్ తాగి, ఆటోల్లో మైదానానికి చేరాం. మట్టి నేల, అక్కడక్కడా గులకరాళ్లు. కామారెడ్డి కోచ్ స్వరూప దిగాలుగా ఎదురొచ్చింది. ఆమె వెనుక ఏడుగురే ఉన్నారు.

"మిగిలినోళ్లకు ఇయ్యాల్నే నౌకరీ పరీక్ష పడ్డది అక్కా."

నిర్వాహకుడు నా వైపు తిరిగాడు. "వాకోవర్ రాసేస్త మేడం. మీరే గెలిచినట్టు."

నిజం చెప్పాలంటే సంతోషించాను. మల్లిక మాత్రం ముందుకొచ్చింది.

"ఆడకుంట గెలుసుడేంది మేడం? మన దాంట్ల నలుగురు ఉత్తగనే కూసుంటరు గద. వాళ్లకు ఇద్దాం."

"ఓడితే లీగ్ పోతది. సోచ్ లో, జర ఆలోచించుకోండ్రి!" అన్నాడాయన.

పిల్లలను పక్కకు పిలిచి అడిగాను. ఒక్కొక్కరే తలూపారు. ఎప్పుడూ బెంచీ మీదే ఉండే గ్రేస్ అప్పటికే బూట్ల లేసులు బిగిస్తోంది.

ఆట హోరాహోరీగా సాగింది. ఇక డ్రా అనుకుంటుండగా, కామారెడ్డి తరఫున ఆడుతున్న గ్రేస్ ఎడమవైపు నుంచి బంతిని లాక్కొచ్చి మా గోల్‌కీపర్ పక్కనుంచి లోపలికి నెట్టింది. కామారెడ్డి పిల్లలు ఆమెను ఎత్తుకున్నారు. మేం ఓడిపోయాం. మావాళ్లలో ఇద్దరు ఏడ్చేశారు.

గ్రేస్ నా దగ్గరికి వచ్చి తల వంచుకుంది. "తప్పు చేసిననా మేడం?"

నేను నోరు తెరిచేలోపే మల్లిక అందుకుంది. "గోల్ కొట్టనీకే గద నిన్ను పంపింది. ఇగ లొల్లి ఏంది?" అంటూ తన కళ్లు తుడుచుకుంది.

స్టేషన్ ఎదుటి మెస్‌లో రెండు జట్లూ కలిసి భోంచేశాయి. పప్పు, వంకాయ కూర బాగున్నాయి. స్వరూప నా పక్కన కూర్చుంది.

"లీగ్ ముచ్చట పక్కకు వెట్టు అక్కా. ఒక నెల మేం మీ దిక్కు వస్తం, ఇంకో నెల మీరు మా దిక్కు రాండ్రి. నిజామాబాదోళ్లను సుత కలుపుకుందాం. మనమే ఆడుకుందాం."

వచ్చే నెల మేం కామారెడ్డి వెళ్లాలని అక్కడే అనుకున్నాం.

తిరుగు రైల్లో పిల్లలు అలసి ఒకరి మీద ఒకరు ఒరిగి నిద్రపోయారు. లీగ్ చోటు చేజారినందుకు నాకు బాధగానే ఉంది. అయినా పొద్దున లేని ఎదుటి జట్టు ఒకటి ఇప్పుడు మాకుంది. ఈ ప్రాంతంలో అమ్మాయిల ఆట నిలబడితే ఇలాగే, ఒక ఊరి చేయి ఇంకో ఊరు పట్టుకునే నిలబడుతుందనిపించింది.

ఫలక్‌నుమాలో గ్రేస్ వాళ్ల నాన్న ఆటోతో ఎదురుచూస్తున్నాడు. "గెలిచిండ్రా బిడ్డా?"

"మా టీమ్ ఓడింది బాపు," అంది గ్రేస్, కర్ర లోపల పెడుతూ. "నేను గెలిచిన."