వేసవిలో బతుకమ్మ, వచ్చే జూన్‌లో బడి

మొన్న ఆదివారం మా పక్కింటి పిల్ల నా ఫోనుకు ఒక వీడియో పంపింది. పిల్ల అంటున్నాను గానీ దానికి పెళ్లయింది, ఇల్లంతా పరుగులు పెట్టే కొడుకున్నాడు, విమానాశ్రయంలో మెడలో కార్డు వేసుకుని ఉద్యోగం చేస్తుంది. వీడియోలో మెడలు నొప్పి పుట్టేంత ఎత్తు భవనాలు, వాటి నడుమ పచ్చిక, ఆ పచ్చిక మీద ఒకే రంగు పట్టుచీరలు కట్టిన ఆడవాళ్లు ప్లాస్టిక్ పూల బతుకమ్మ చుట్టూ చప్పట్లు కొడుతున్నారు. వెనకాల మామిడిచెట్టుకు కాయలు గుత్తులుగా వేలాడుతున్నాయి. మామిడికాయల కాలంలో బతుకమ్మ! పైన ఒక గొంతు తేనె పూసుకుని చెబుతోంది, ఇక్కడ ఇరుగుపొరుగు ఉండరట, అందరూ ఒకటే కుటుంబమట, పిల్లల చదువు గడప ముందుకే వచ్చి నిలబడుతుందట. కింద మా పిల్ల ప్రశ్న: "చిన్నమ్మా, మస్తుంది గదా? ఫ్లాట్ తీసుకోమంటవా?"

చేతిలో టీ గ్లాసు ఉండబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఫోను గోడకు కొట్టేదాన్ని. దానికైనా గుర్తుండొద్దూ? ఈ విద్యకు మా ప్రాంతంలో ఆద్యుడు మా బావగారు. ఆయన మొదలుపెట్టిన వేసవి బతుకమ్మను ఒడిలో పెట్టుకుని కూర్చున్నది ఈ పిల్లే.

విమానాశ్రయం తెరిచిన కొత్తలో శంషాబాద్ చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు రెండు అలవాట్లు పట్టుకున్నాయి. ఒకటి తలెత్తి చూడడం, రెండోది తల దించి చూడడం. ఎత్తితే విమానం, దించితే గజాలు. అంతవరకూ ఎకరాల్లో మాట్లాడిన మనుషులు ఉన్నట్టుండి గజాల్లోకి దిగిపోయారు. మా ఆయన అన్న, అంటే మా బావగారు, అప్పటిదాకా ఎరువుల దుకాణం నడిపేవాడు. ఒక రోజు చూస్తే తెల్ల చొక్కా, తెల్ల బూట్లు, చేతికో ఫోను. చేలకు నాలుగు దిక్కులా తెల్లరాళ్లు పాతించి, ఎర్రమట్టి దారులు గీయించి, ముందర సిమెంటు కమాను కట్టించాడు. దాన్ని వెంచర్ అంటారట. కమాను మీద ఊరి పేరు కూడా లేదు, ఏదో ఇంగ్లీషు పేరు. మా అత్తమ్మకు చచ్చేదాకా నోరు తిరగలేదు. ప్రతి ఆదివారం ఆరాంఘర్ చౌరస్తా నుంచి ఒక బస్సు కొనేవాళ్లను ఎక్కించుకుని వచ్చేది. షామియానా కింద మాటలు, ఆ తర్వాత పొట్లం బిర్యానీ, మళ్లీ బస్సు. కొందరు బిర్యానీ కోసమే వచ్చేవారని నాకు మొదటి వారమే అర్థమైంది. ఒకాయనైతే ప్రతి ఆదివారం కొత్త పేరుతో వచ్చేవాడు, అదే టోపీ పెట్టుకుని.

ఆ షామియానా కింద మాట్లాడిన మనిషిని నేనే. మా ఆయన ఉద్యోగం పాలమూరులో కావడంతో పెళ్లయిన నాటి నుంచి అక్కడే ఉండి, ఆ ఏడే ఆయన ఊరికి తిరిగొచ్చాం. నాకు డిగ్రీ ఉంది, కొన్నాళ్లు ప్రైవేటు బళ్లో పాఠాలు చెప్పిన అనుభవం ఉంది, వాటికన్నా నోరుంది. బావగారు ఒక సాయంత్రం వచ్చి అరుగు మీద కూర్చుని, "అమ్మా, నువ్వు ఇంట్ల ఊకె అందరితోని కొట్లాడుతనే ఉంటవ్. ఆ నోరు వారానికొక్క రోజు నాకియ్యరాదు? వచ్చేటోళ్లంత సదువుకున్నోళ్లు. పిల్లల సదువు గురించి, నలుగురు కలిసి బతుకుడు గురించి నువ్వు చెప్తె ఇంటరు. నేను నోరు తెరిస్తె రేటెంత అంటరు" అన్నాడు.

నేను ఊరికే ఒప్పుకుంటానా? లేఅవుట్ పటం తెప్పించి చూశాను. పటంలో ఒక మూల ఆకుపచ్చ రంగు పూసి 'పాఠశాల స్థలం' అని రాసి ఉంది. మా ఊరి బడి ఏడో తరగతితో ఆగిపోతుంది. ఆపైన చదవాలంటే శంషాబాద్ పోవాలి, మధ్యలో విమానాల వేగంతో కార్లు పోయే పెద్ద రోడ్డు దాటాలి. మగపిల్లలు సైకిళ్ల మీద పోయేవారు. ఆడపిల్లల చదువు మాత్రం ఆ రోడ్డు అంచున నిలబడి వెనక్కి వచ్చేసేది. మా పక్కింటి పిల్ల అప్పుడు ఏడులో ఉంది. లెక్కలంటే దానికి పిచ్చి. మా గోడకు బొగ్గుతో లెక్కలు చేసి నాచేత తిట్లు తినేది. "బడి నిజంగ కడతవా బావా?" అని అడిగాను. "వచ్చే జూన్‌ల తలుపులు తెరుస్తం. కావలిస్తె నువ్వే పెద్ద పంతులమ్మవు" అన్నాడు. సరే అన్నాను.

ఇక నా ఆదివారాలు చూడాలి. కొత్త ఊరికి వచ్చేవాడికి కావలసింది గోడలు కాదు, పక్కనుంచి పలకరించే గొంతు అని చెప్పేదాన్ని. నా మాటలకు నాకే కళ్లు చెమర్చేవి. వాళ్లు మాత్రం బోరు ఎన్ని అడుగులు, విమానాల చప్పుడుకు పసిపిల్లలు నిద్రపోతారా అని అడిగేవారు. బడి సంగతి ఎవరైనా అడిగితే బావగారు నాకన్నా ముందే అందుకుని "వచ్చే జూన్" అనేవాడు. ఆ జూన్ వచ్చింది, పోయింది. ఆ మూల ఒక బోర్డు మాత్రం లేచింది. 'పాఠశాల స్థలం' అని, పక్కన నవ్వుతున్న పిల్లల బొమ్మ.

అసలు ఒళ్లు మండిన సంగతి ఇది. పక్కింటి పిల్ల ఏడు పాసై ఇంట్లో కూర్చుంది. శంషాబాద్ బళ్లో చేర్పించమని వాళ్ల అమ్మతో పోట్లాడాను. ఆమె పేడ కలుపుతూ తలెత్తకుండానే, "ఎందుకక్కా పరేషాన్? బడి మన ఊరికే వస్తున్నదంట గదా, నువ్వే మైకుల చెప్పినవ్. వచ్చేదాక ఇంట్ల ఉంటది, జర పని నేర్సుకుంటది" అంది. నేను కొత్తవాళ్లను పిలవడానికి చెప్పిన మాట, ఊళ్లో ఉన్న పిల్లను ఇంట్లో కూర్చోబెట్టింది. బావగారి మీదికి వెళ్లి అరిచాను. ఆయన ఫోనులో ఎవరికో గజం ధర చెబుతూ నాకేసి చేయి ఊపి "వచ్చే జూన్" అన్నాడు.

ఆ చలికాలంలో వెంచర్‌లో మొదటి ఇల్లు లేచింది. తెనాలి వైపునుంచి వచ్చిన కుటుంబం. ఆవిడ మెత్తగా మాట్లాడుతుంది, ప్రతి మాట చివర 'అండీ' తగిలిస్తుంది, కానీ ఆ 'అండీ' వెనక ఇనపకడ్డీ ఉంటుంది. ఆవిడ కూతురు కూడా ఎనిమిదికి వచ్చింది. చుట్టూ తెల్లరాళ్లు, మధ్యలో ఒక్క ఇల్లు. పలకరించే గొంతు ఎక్కడుందండీ అని ఆవిడ నన్ను ఒకసారి అడిగింది. నేనున్నాను కదా అన్నాను. ఆ రోజు నుంచి నిజంగానే ఉన్నాను, వేరే దారి లేక.

ఎండాకాలం వచ్చేసరికి అమ్మకాలు పడిపోయాయి. అప్పుడు బావగారి బుర్రలో మెరుపు మెరిసింది. "మన దగ్గర మనుషులు ఎంత కలిసి ఉంటరో మాటల్ల చెప్తె కాదు, చూపియ్యాలె. వచ్చే ఆదివారం బతుకమ్మ ఆడిద్దాం."

మే నెల. ఆ పండుగ మొదలయ్యే పితృ అమావాస్యకు ఇంకా నాలుగు నెలలు. పగటికి పొలం గట్టు మీద కాలు పెడితే బొబ్బలెక్కే ఎండ. గునుగు లేదు, తంగేడు లేదు. ఆయన గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి బంతి, చేమంతి బుట్టలు దింపించాడు. అత్తమ్మ ఆ బుట్టలు చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఏందిరా ఇది? పెత్రమాస రాకముందే బతుకమ్మనా? గౌరమ్మ ఏమన్న నీ వెంచర్ల నౌకరీ చేస్తదా, పిలిస్తె వచ్చెతందుకు?"

"అవ్వా, ఉత్తగ ఫోటోలకు. పూలు పేరుస్తె చాలు."

"ఉత్తగ ఎట్ల పేరుస్తరు? పెడితె సక్కగ పెట్టాలె, లేకుంటె ఊకోవాలె" అని తిట్టుకుంటూనే కూర్చుని పూలు పేర్చింది. చివరికి పసుపు ముద్దతో గౌరమ్మను చేసి మీద నిలబెట్టి బొట్టు పెట్టింది. బావగారు దాన్ని పట్టించుకోలేదు. పట్టించుకుని ఉంటే బాగుపడేవాడు.

ఆదివారం బస్సు నిండా జనం. ఊరి ఆడవాళ్లు ఉయ్యాలో అంటూ చుట్టూ తిరిగారు. తెనాలి ఆవిడ, కూతురు కూడా చేరారు, అడుగులు తప్పుతూ. కొనేవాళ్లు ఫోటోలు తీసుకున్నారు. బావగారి ముఖం బంతిపువ్వులా విప్పారింది. ఆట అయిపోయింది, ఇక బిర్యానీ పొట్లాలు తెమ్మని ఆయన సైగ చేస్తుండగా అత్తమ్మ బతుకమ్మను నెత్తికెత్తుకుని నడక మొదలుపెట్టింది. ఆమె వెనక ఆడవాళ్లందరూ. ఆడిన బతుకమ్మను నీళ్లలో విడవకుండా ఎవరైనా తిండికి కూర్చుంటారా? ఇదేదో ఇంకా బాగుందనుకుని కొనేవాళ్లు ఫోన్లు పట్టుకుని వెంటపడ్డారు.

ఏటా పండక్కి నేను బాలాపూర్‌లో మా పుట్టింటికి పోయేదాన్ని. అందుకని ఈ ఊళ్లో బతుకమ్మను ఎక్కడ విడుస్తారో నేను ఎన్నడూ చూసినదాన్ని కాదు. ఆడవాళ్ల కాళ్లకు మాత్రం తెలుసు. ఎర్రమట్టి దారి వదిలి, తెల్లరాళ్లు దాటి, అడ్డంగా నడిచి, వెంచర్ మూలకు వెళ్లి ఆగాయి ఆ కాళ్లు. ఎదురుగా 'పాఠశాల స్థలం' బోర్డు.

అత్తమ్మ అటూ ఇటూ చూసింది. "పోయిన పండుగకు ఉన్న కుంట యాడ పాయెరా?" అంది.

కొనేవాళ్లలో టోపీ ఆయన ముందుకొచ్చి, "కుంటా? ఇక్కడ కుంట ఉండేదా పెద్దమ్మా?" అన్నాడు.

"ఉండేదేంది బిడ్డా, ఉన్నది. మన్ను పోస్తె కుంట పోతదా? నాలుగు వానలు పడనీ, మోకాళ్ల మట్టుకు వస్తయి నీళ్లు."

అప్పుడు వెలిగింది నాకు, మా బావగారు అంత ఉదారంగా బడికి జాగా ఎందుకిచ్చాడో. ఇల్లు కట్టుకోవడానికి పనికిరాని చోటు పిల్లలకు రాసిచ్చాడు. నోరు తెరవబోయాను, కానీ అత్తమ్మ నాకు సందు ఇవ్వలేదు. "గౌరమ్మను కింద దించరాదు. బస్సు తెప్పియ్యి, నీళ్లున్న కాడికి పోదాం" అంది. జనం ముందు దేవతను నేల మీద పెట్టించే ధైర్యం ఆయనకు లేదు. కొనేవాళ్లను షామియానా కింద ఉడకబెట్టి, వాళ్లొచ్చిన బస్సులో మేమందరం ఎక్కాం. బతుకమ్మను పక్కింటి పిల్ల ఒడిలో పెట్టింది అత్తమ్మ. బస్సు పెద్ద రోడ్డును చీమ కుట్టినట్టయినా లేకుండా దాటేసి శంషాబాద్‌లోకి వచ్చింది. హైస్కూలు గేటు ముందు లారీ అడ్డమొచ్చి కాసేపు ఆగాం. పిల్ల పూల మీదుగా కిటికీలోంచి చూసి, "గింత దగ్గరనా చిన్నమ్మా, బడి?" అంది.

తెనాలి ఆవిడ నా వైపు చూసింది. నేను ఆవిడ వైపు చూశాను.

అవతల చెరువులో మడుగులా మిగిలిన నీళ్లలో బతుకమ్మను విడిచి తిరిగొచ్చేసరికి షామియానా కింద సగం మంది ఆటోలు పట్టుకుని వెళ్లిపోయారు. బావగారు తల్లి మీద విరుచుకుపడ్డాడు. "నా ఇజ్జత్ తీస్తివి గదనే అవ్వా!"

"పండుగ పెట్టింది నువ్వు కొడుకా. నేను సాగనంపిన, గంతే."

"ఇజ్జత్ సంగతి తర్వాత బావా, బడి సంగతి చెప్పు. చాపపిల్లల కోసమా నువ్వు కట్టేది?" అన్నాను. ఆ తర్వాత నేనేమేం అన్నానో ఇక్కడ రాయడం బాగుండదు. ఆయన మళ్లీ వచ్చే జూన్ అనబోయాడు. తెనాలి ఆవిడ అడ్డం వచ్చింది.

"అన్నయ్యగారూ, ఆ బస్సు ఆదివారం తప్ప మిగతా రోజులు మా ఇంటి ఎదురుగానే ఊరికే నిలబడి ఉంటుంది కదండీ. పొద్దునా సాయంత్రం పిల్లల్ని బడికి తీసుకెళ్లి తేవచ్చు కదండీ."

"అది కస్టమర్ల బస్సమ్మా."

"మేమూ కస్టమర్లమేనండీ. మొత్తం కట్టేసినవాళ్లం. బోర్డు మీది బడి ఏదని అడిగితే, కుంటలో ఉందని వచ్చే ఆదివారం మైకులో నేనే చెప్పాల్సి వస్తుందండీ."

ఆ ఆదివారాల మైకు అంటే ఆయనకు ప్రాణం. జూన్‌లో బస్సు కదిలింది. నేను పక్కింటి గడపలో కూర్చుని, వాళ్ల అమ్మ పేడ చేతులు కడుక్కుని సరే అనేదాకా లేవలేదు. ఒక ఏడు పోయింది, ఏం చేస్తాం, పిల్ల తనకన్నా చిన్నవాళ్లతో ఎనిమిదిలో కూర్చుంది. మొదటి రోజు బస్సు మెట్టెక్కి వెనక్కి తిరిగి చూసి, గోడ మీది లెక్కలు తుడపొద్దని నాకు ఆజ్ఞ ఇచ్చింది.

ఇంత జరిగాక మా బావగారు సిగ్గుపడ్డాడనుకుంటున్నారా? మరుసటి నెల కొత్త కరపత్రం వేయించాడు. యూనిఫాం వేసుకున్న ఆడపిల్లలు కిటికీల్లోంచి చేతులు ఊపుతున్న బస్సు బొమ్మ, కింద 'విద్యే మా ధ్యేయం'. ప్లాట్లు వేడి మిర్చిబజ్జీల్లా పోయాయి. ఆ వానాకాలం అత్తమ్మ చెప్పినట్టే ఆ మూలంతా నీళ్లు నిలిచాయి, బోర్డు మీది పిల్లలు నడుం లోతు నీళ్లలో నవ్వుతూ నిలబడ్డారు. అసలు పండక్కి ఊరి బతుకమ్మలన్నీ అక్కడే విడిచారు. వాటిలో తెనాలి ఆవిడది కాస్త వంకరగా ఉన్నది.

ఇవన్నీ ఆ పిల్లకు ఫోనులో చెప్పి, ఫ్లాట్ కొనేముందు అక్కడ బతుకమ్మను ఎక్కడ విడుస్తారో అడుగు అన్నాను. అది పకపకా నవ్వి, "ఈత కొలను ఉన్నదంట చిన్నమ్మా" అంది. మరి నీ కొడుక్కి బడి? "అదీ లోపల్నే కడతరంట. వచ్చే జూన్..." అని, మాట మధ్యలోనే ఆగిపోయింది. "వాణ్ని మొదలు ఇప్పుడున్న బళ్లె చేరుస్త తియ్యి" అంది.

మా బావగారు చెప్పిన ఆ వచ్చే జూన్ మా ఊరికి ఇప్పటికీ రాలేదు. పిల్లలు మాత్రం దానికోసం ఆగకుండా పెద్దవాళ్లయిపోయారు.