ఎనిమిదిన్నర గంటల దూరం

మాస్కు లేకుండా రైలెక్కితే బట్టల్లేకుండా ఎక్కినట్టు చూసే రోజులవి. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు, జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో మొదటి ఉద్యోగం, ముక్కు మీద కోపం. (ఇప్పుడా ముక్కు మీద కళ్ళజోడుంది.) ఆ కోపం నా పెళ్ళినే మింగబోయింది.

పెళ్ళికొడుకు ఇంగోల్‌స్టాట్‌లో కార్ల ఇంజనీరు. ఆదివారం సాయంత్రం విజయవాడలో నిశ్చితార్థం. అతను వారం ముందే వెళ్ళిపోయాడు, నాకు శుక్రవారం దాకా సెలవు దొరకలేదు. కాబోయే మామగారిని ఫొటోలో చూడటమే తప్ప ఆయన గొంతు వినలేదు. ఆయన ఏదో వెబ్‌సైట్లో ఫ్రాంక్‌ఫర్ట్, హైదరాబాద్ అని కొట్టి, సుమారు ఏడు వేల కిలోమీటర్లు, ఎనిమిదిన్నర గంటలు అని కనిపెట్టి, "అమ్మాయి శనివారం టిఫిను వేళకి దిగుతుంది" అని చుట్టాలందరికీ చాటారట. అది రెండు ఊళ్ళ మధ్య గీత గీసి వేసిన లెక్క. ఆ గీత మీద ఎగిరే విమానం నాకెక్కడా దొరకలేదు. నా టికెట్టు గల్ఫ్ మీదుగా, మధ్యలో నాలుగు గంటల పడిగాపులతో.

శుక్రవారం విమానాన్ని శనివారానికి తోశారు. శనివారం మధ్యాహ్నం పట్టుచీరల పెట్టెతో కౌంటరు దగ్గరికి వెళితే, అక్కడి ఆవిడ నా కరోనా రిపోర్టు చూసి, డెబ్బై రెండు గంటలు దాటి ఇంకో ఐదు గంటలైందని, ఎక్కనివ్వనని చెప్పింది. ఆలస్యం మీదే కదా అన్నాను. "రూలు రూలే" అంది. బతిమాలాను, అరిచాను, ఏడ్చాను. వెనక క్యూలో ఒకాయన, మాస్కు ముక్కు మీదికి లాక్కోమని నాకు సైగ చేశాడు! ఒళ్ళు మండిపోయింది. కొత్త టెస్టుకి టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, సోమవారమట, తరవాతి విమానం మంగళవారమట. పొద్దుట్నించీ హైదరాబాదు టికెట్ల ఏజెంటుకి చేసిన ఫోన్లన్నీ మోగి మోగి ఆగిపోయాయి.

అప్పుడే తెలియని ఇండియా నంబరు మోగింది. ఏజెంటే అనుకున్నాను.

"ఏమ్మా, ఇంకా బయల్దేరలేదా? ఎనిమిదిన్నర గంటల ప్రయాణమేగా?"

"ఎవరండీ మీకు చెప్పింది ఎనిమిదిన్నర గంటలని? రెండ్రోజులుగా ఇక్కడ చస్తున్నా! రేపు నా నిశ్చితార్థం, తెలుసా? జన్మలో ఒక్కసారైనా విమానం ఎక్కారా మీరు?"



"లేదమ్మా. నేను రైలు గార్డుని. మీ మామయ్యని."

పెట్టె మీద కూలబడ్డాను. ఈ సంబంధం ఇంతే అనుకున్నాను.

"రైలు లేటయితే ప్రయాణికుల్ని తిడతామా?" అన్నారాయన. "గురువారం కూడా ముహూర్తం బాగుందట. చుట్టాలకి నేను చెప్పుకుంటాలే. నువ్వు ముందు ఏమన్నా తిను తల్లీ."

గురువారమే జరిగింది. ఆయన ఆ ఫోను సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, చివరికి నేనే చెప్పాను. ఇప్పుడు ఏ కౌంటరు ముందైనా బిట్టే అని బతిమాలతాను, డాంకే అని థాంక్స్ చెబుతాను, వాళ్ళ తప్పుకి కూడా నేనే సారీ చెప్పి వచ్చేస్తాను. మావారు నా ఓపికని మెచ్చుకుంటారు. కానీ వాళ్ళు మరీ అన్యాయంగా మాట్లాడినప్పుడు మాత్రం, పెట్టె పక్కన నిలబడి గొంతు చించుకున్న ఆ ఇరవై ఆరేళ్ళ పిల్ల ఒక్క ఐదు నిమిషాలు వచ్చి వెళితే బాగుండుననిపిస్తుంది.