ఒడ్డు పైకి లేచిన అఖాతం

సుంగై పెటాని అనే మా ఊళ్ళో ముప్పై ఏళ్ళు బడిపిల్లలకి భూగోళం చెప్పాను. ఎదుటివాళ్ళ మాట పూర్తికాకుండానే దిద్దడం అలవాటైపోయింది. చేపలమ్మే ఆవిడని దిద్దాను, గుళ్ళో పూజారిని దిద్దాను. నాతో ఒకే ఇంట్లో ఉన్న నాన్న మాత్రం ఎలా తప్పించుకుంటారు?

కూలికి సముద్రం దాటి వచ్చిన తెలుగువాళ్ళ బిడ్డ నాన్న, ఇక్కడి రబ్బరు తోటలో పుట్టారు. పాల కోసం చెట్లు గీసే పని ఇష్టంలేక వయసులో పోర్ట్ క్లాంగ్ వెళ్ళి, ఓడ వంటింట్లో చేరారు. ఒక ఎండాకాలం ఆ ఓడ ఖనిజం ఎత్తడానికి కెనడా ఉత్తరపు కొసన ఉన్న ఒక అఖాతానికి వెళ్ళింది. అక్కడ పది రోజులు ఆగింది. తరవాత ఆయన ఎన్ని రేవులు చూసినా, చెప్పుకున్నది ఆ పది రోజుల గురించే.

ఆ అఖాతం ఏడాదిలో తొమ్మిది నెలలు గడ్డకట్టే ఉంటుంది. చుట్టూ కొండలు, పైన బల్లలా చదును. మచ్చుకి ఒక్క చెట్టు లేదు. ఎండాకాలంలో పొద్దు గుంకదు కాబట్టి గడియారం చూసి అన్నం వండాలి. ఒడ్డున ఒక పెద్ద ఇనప బాన తుప్పు పట్టి ఉండేదట. తిమింగిలాలని వేటాడి కొవ్వు కాచుకున్న తెల్లవాళ్ళు వదిలేసి పోయినది. తిమింగిలాలు తగ్గాక వాళ్ళు పోయారు, నక్కతోళ్ళు కొనేవాళ్ళు వచ్చారు. వాళ్ళూ పోయాక గని వచ్చింది. వీళ్ళందరికంటే ముందు నుంచీ అక్కడున్నవాళ్ళు ఇన్యూట్ జనం. నాన్న వాళ్ళలో ఒక ముసలాయనతో సైగలతోనే స్నేహం చేసుకున్నారు. వేడి వేడి గోధుమ రొట్టెలు పట్టుకెళ్ళి పెట్టేవారట.

మా గుడి హాల్లో ఆదివారాలు తెలుగు క్లాసు నడుస్తుంది. పిల్లలకి తెలుగు అర్థమవుతుంది, నోరు తిరగదు. అందుకని నెలకోసారి ఒక పెద్దాయన్నో పెద్దావిడనో కూర్చోబెట్టి కబుర్లు చెప్పిస్తారు. నాన్న వంతు వచ్చిన రోజు ఇస్త్రీ చేసిన బాటిక్ చొక్కా తొడుక్కుని, గంట ముందే గుమ్మంలో నిలబడ్డారు. పిల్లల్లో నా కూతురూ ఉంది, నేను వెనక బెంచీలో కూర్చున్నాను.

బాగానే చెప్పారు. పిల్లలు నోళ్ళు తెరుచుకుని విన్నారు. చివరికి అసలు కబురుకొచ్చారు. ఉత్సాహమొస్తే, మా ఊళ్ళో అందరిలాగే, ఆయన మాట చివరా ఒక 'లా' వచ్చి చేరుతుంది.

"ఆ ముసిలోడు నన్ను కొండెక్కించినాడు. మీద రాళ్ళు గుండ్రంగా పేర్చి ఉన్నాయి, మజ్జిన తిమింగిలం ఎముకలు. ఏటని అడిగితే, 'మా తాతల ఇళ్ళు' అని సైగ సేసి సూపించినాడు. అప్పుడు నీళ్ళ పక్కనే ఉండీవట. ఇప్పుడు సూడండి, ఎంత మీదకెళ్ళిపోనాయో. అక్కడ భూమి లేస్తంది లా! నాను సూసినాను."

నేను ఊరుకోలేకపోయాను. లేచి నిలబడి, "నాయినా, భూమి ఎక్కడైనా లేస్తుందా? అది ఆటుపోటు. నీళ్ళు వెనక్కి పోయినప్పుడు చూసుంటావు" అన్నాను.

పిల్లలు గొల్లున నవ్వారు. నాకూ నవ్వొచ్చింది.

మా ఇళ్ళలో ఒక పద్ధతుంది. తోటలో ఉన్న రోజుల్లో ఇంటికి ఏ కాగితమొచ్చినా చదువుకున్నవాళ్ళ దగ్గరికే పట్టుకెళ్ళేవాళ్ళు, వాళ్ళు చెప్పిందే ఖాయం. మా వంశంలో మొదటి టీచర్ని నేను. పెళ్ళి ముహూర్తం నుంచి మందుల సీసా దాకా మా నాన్న నా మాట దాటి ఎరగరు.

"అలగేనమ్మా. నువ్వు సదూకున్నావు, నీకు తెలుస్తాది" అని కుర్చీలోంచి లేచారు. చెప్పాల్సింది ఇంకా ఉంది. ఎవరూ అడగలేదు. ఆ రోజు నుంచి ఆయన నోట ఆ అఖాతం మాట నేను వినలేదు.

ఏళ్ళు గడిచి రిటైరయ్యాక, తీరుబడిగా ఒక పత్రిక తిరగేస్తుంటే ఆ సంగతి కనబడింది. పూర్వం ఆ నేల మీద కొండంత మందాన మంచు పేరుకుని ఉండేదట. ఆ బరువుకి నేల కుంగింది. మంచు కరిగాక, మనిషి పైనుంచి లేచిన పరుపులా, వేల ఏళ్ళుగా మెల్లిగా పైకొస్తోంది. ఒకప్పటి ఒడ్డులు మెట్లు మెట్లుగా కొండకెక్కాయి. వాటి మీదున్న పాత ఇళ్ళు ఎంత పైనుంటే అంత పాతవి. పక్కనే ఫోటో. గుండ్రంగా రాళ్ళు, మధ్యన ఎముకలు.

నాకు సిగ్గేసింది. మా పాఠ్యపుస్తకంలో లేనిది లోకంలోనే లేదనుకున్నాను. నాన్న పక్క గదిలో రేడియో వింటున్నారు. నాలుగడుగులు వేసి చెప్పొచ్చు. రేపు చెబుదామనుకున్నాను. అలా రెండు నెలలు గడిచాయి. పదిమందిలో ఆయన్ని తప్పన్నదాన్ని, తప్పు నాదేనని ఒక్క మనిషి ముందు అనడానికి నాకు మొహం చెల్లలేదు. ఇందులో దాచేదేముంది, పొగరు.

ఒక సాయంత్రం నా కూతురు పినాంగ్ నుంచి వచ్చి, బల్ల మీద ఫోను పెట్టి ఆయన గొంతు రికార్డు చెయ్యబోయింది. "తాతా, ఆ ఐసు బే స్టోరీ చెప్పు లా. భూమి లేస్తాది అన్నావు కదా, చిన్నప్పుడు."

నేను మైలో కలిపిన పాల గ్లాసులు పట్టుకుని గుమ్మంలో ఉన్నాను.

నాన్న నవ్వారు. "అదేటి లేదమ్మా. నాను తప్పు సూసినాను. భూమి లేగదు. మీ అమ్మ సెప్పింది కదా."

ఆయన మొహంలో కోపం లేదు, నిష్టూరం లేదు. నిజంగానే అలా నమ్ముతున్నారు. తన కాళ్ళతో ఎక్కిన కొండని, తన కళ్ళతో చూసిన ఇళ్ళని నా ఒక్క మాటకి వదిలేసుకున్నారు.

నా కూతురు ఫోను ఆపేసింది. నేను గ్లాసులు బల్ల మీద పెట్టి లోపలికెళ్ళాను.

ఆ తరవాత నాన్న పదకొండు రోజులు బతికారు. పదకొండు రోజులూ నేను ఇంట్లోనే ఉన్నాను, ఆ నాలుగడుగులు మాత్రం వెయ్యలేదు.