సదయ్య తట్టిన బండ

సదయ్యకు అరవై నాలుగేళ్లు. గోదావరిఖనిలో ఆయన ఉండే కాలనీలో ఆయన బాయి కథలు వినని ఇల్లు లేదు. బాయి అంటే నీళ్ల బావి కాదు, బొగ్గు గని. రూఫ్ కూలబోయే ముందు ఎలా చిటపటమంటుందో, ఎలుకలు ఎలా పరుగెడతాయో ఆయన చెబుతుంటే హోటల్ బల్లల మీద చాయ్ చల్లారిపోయేది. ఇన్ని కథలు చెప్పే ఈ పెద్దమనిషి బాయిలోకి దిగింది మొత్తం ఆరు రోజులు. మిగతా ముప్పై మూడేళ్లూ పైన ల్యాంపు రూంలో, కిటికీ వెనక నిలబడి, దిగేవాళ్లకు తలదీపాలు ఇవ్వడం, ఎక్కి వచ్చినవాళ్ల దగ్గర తీసుకోవడం. మసి మొహాలతో దీపం అప్పజెబుతూ వాళ్లు చెప్పిన ముక్కలన్నీ ఏరి దాచుకున్నాడు. రిటైరయ్యాక, అసలు సంగతి తెలిసినవాళ్లు తలో దిక్కూ వెళ్లిపోయాక, ఆ కథలన్నీ మెల్లగా తనవైపోయాయి.

ఇంతవరకైతే నవ్వుకుని ఊరుకోవచ్చు. మమత దగ్గరే ఆయనకు చిక్కు వచ్చి పడింది.

మమత పోశం కూతురు. ఆరో రోజున బాయి లోపల గోడలు మీదికి వస్తున్నట్టనిపించి, సదయ్య కూలబడి చిన్నపిల్లాడిలా ఏడిస్తే, చేయి పట్టుకుని పైకి నడిపించినవాడు పోశం. "పైనోళ్లకు నీకు కడుపునొప్పని చెప్పిన. నువ్వు గూడ గదే చెప్పు" అన్నాడు. ఆ తర్వాత ఏనాడూ ఎవరి దగ్గరా ఆ ఊసెత్తలేదు. సదయ్యకు పైపని దొరికింది, పరువు దక్కింది. ఏడేళ్లకు అదే బాయిలో బండ పడి పోశం పోయాడు.

అప్పుడు మమతకు ఎనిమిదేళ్లు. పదో రోజున వచ్చి, "కాకా, నువ్వు మా నాయినతోనే పని చేసేటోనివా?" అని అడిగింది. "మీ నాయినది, నాది ఒక్క బాయే బిడ్డా" అన్నాడు సదయ్య. అందులో అబద్ధం లేదు. కానీ పిల్ల ఇద్దరూ లోపల పక్కపక్కనే పని చేసేవారని, నాయిన పోయాకే కాక పైకి ల్యాంపు రూంకు మారాడని అనుకుంది. దిద్దాల్సింది అప్పుడే. దిద్దలేదు సరికదా, ఏడుపు మాన్పించడానికి ఇంకో మాట కలిపాడు. "ఆఖరికి నీ పేరే తీసిండు. మమతను మంచిగ సదివియ్యాలె అన్నడు."

ఆ మాట పట్టుకుని తల్లి చదివించింది. పిల్ల చదివింది, టీచరైంది. బడిలో ఏ సభ జరిగినా ఆ మాటే చెబుతుంది. అప్పుడు సదయ్య ముందు వరుసలో ఉంటే తల వంచుకుంటాడు. వినయం అనుకుంటారు అందరూ.

మొన్న కార్తీకంలో ఆమె బడి టీచర్లు పదకొండు మంది జువ్విగండి చూడాలని బయలుదేరారు. గోదావరిలో కలవబోయే ఏరు అక్కడ రెండు గుట్టలను చీల్చుకుని పోతుంది. "నువ్వు రా కాకా. అంతా రాళ్లల్ల నడుసుడు. నువ్వుంటే మాకు ధైర్యం" అంది మమత. సదయ్య లోలోపల పొంగిపోయాడు. పొద్దున్నే చెప్పులు మానేసి బూట్లు తొడుక్కుంటుంటే భార్య అనసూర్య సద్ది మూట చేతికిచ్చి, "ఆ పిల్ల ముందల జర తక్కువ మాట్లాడు" అంది. ఆమెకు అన్నీ తెలుసు.

జీపులు ఆగిన చోటి నుంచి రెండు గంటల నడక. గండిలోకి మలుపు తిరగగానే అందరూ నడక ఆపి చూశారు. రెండు పక్కలా ఎర్రటి రాతిగోడలు, జొన్నరొట్టెలు దొంతర పెట్టినట్టు పొరలు పొరలుగా. అడుగున పచ్చటి నీళ్లు, గులకరాళ్ల మధ్య చేపపిల్లలు. అంచున వేలాడే తేనెపట్లను తలలెత్తి చూస్తూ, నాచు పట్టిన రాళ్ల మీద ఒకరి చేయి ఒకరు పట్టుకుంటూ నడిచారు. సదయ్యకు హుషారొచ్చింది. అనసూర్య మాట మొదటి మలుపులోనే మర్చిపోయాడు. "గీ పొర చూసిండ్రా? బాయిల గూడ గిట్లనే ఉంటది" అని మొదలుపెట్టి, నాలుగు కథలు చెప్పేశాడు.

మిట్టమధ్యాహ్నానికి ఒక చోట గోడలోంచి పెద్ద బండ చూరులా ముందుకు వచ్చి ఉంది. కింద చల్లటి నీడ, పొడి ఇసుక. అన్నం తినడానికి అంతకన్నా మంచి చోటు లేదు. సైన్సు మాస్టారు రవికాంత్ మాత్రం ఆగాడు. "కింద ఉన్న ఈ రాతిపెళ్లలు ఈమధ్యే పైనుంచి రాలినట్టున్నాయండీ. అంచులు చూడండి, ఎంత పదునుగా ఉన్నాయో" అన్నాడు.

"మా కాక ఉండంగ ఫికరెందుకు సార్? తట్టి చెప్తడు" అంది మమత, తన చేతికర్ర సదయ్యకు ఇస్తూ.

బాయిలో పనివాళ్లు రూఫ్‌ను అలాగే తట్టి చూస్తారు. గట్టిదైతే ఖంగుమంటుంది, వదులైతే డొల్లగా పలుకుతుంది. ఈ సంగతి సదయ్య వందసార్లు విన్నాడు, వెయ్యిసార్లు చెప్పాడు. ఏది ఖంగో, ఏది డొల్లో మాత్రం ఆయన చెవికి తెలియదు. పదకొండు మంది చూస్తున్నారు. మూడు చోట్ల తట్టాడు. మూడుసార్లూ కర్ర చప్పుడే వినిపించింది. చెవి ఒగ్గి, కళ్లు మూసి, కాసేపు తల కూడా పంకించాడు. ఆ తల పంకించడం తలుచుకుంటే ఇప్పటికీ ఆయనకు ఒళ్లంతా కుంచించుకుపోతుంది.

"గట్టిగుంది. కూసోండ్రి" అన్నాడు.

అందరూ కూర్చున్నారు. మమత అందరికన్నా లోపలికి వెళ్లి, బండకు వీపు ఆనించి, టిఫిన్ డబ్బా తెరిచింది. పక్కన కూర్చున్న కొత్త టీచరు సంధ్యారాణితో, "మా నాయిన ఆఖరి మాట విన్నది గీ కాకనే" అని మొదలుపెట్టింది. మాట మధ్యలో పైనుంచి చిటికెడు ఇసుక జారి ఆమె పులిహోరలో పడింది. గోటితో తీసి పారేసి మళ్లీ చెప్పసాగింది.

సదయ్య చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. పోశం పోయింది బండ కింద. వాడి బిడ్డను తెచ్చి తానే ఇంకో బండ కింద కూర్చోబెట్టాడు.

"లేవండ్రి. అందరు బయటికి రాండ్రి" అన్నాడు.

ఒకరిద్దరు లేచారు. మమత నవ్వింది. "ఇప్పుడే గట్టిగుందంటివి గద కాకా. తినంగ లేపుతవేంది?"

వదులుగా ఉంది, ఇందాక సరిగా వినలేదు అంటే సరిపోయేది. ప్రాణాలూ దక్కేవి, పరువూ దక్కేది. ఆ మాట నాలుక చివర తయారుగా ఉంది కూడా. కానీ మమత ఆయన వైపే చూస్తోంది. ఆయన ఏం చెబితే అది నమ్మడానికి సిద్ధంగా, ఎనిమిదేళ్లప్పుడు చూసినట్టే. ఆ చూపుకు ఇంకో అబద్ధం ఇవ్వడానికి ఆయనకు సిగ్గేసింది.

"గట్టిగుందో లేదో నాకు తెల్వది బిడ్డా. నేను బాయిల పని చేయలే. మొదటిసంది ల్యాంపు రూంలనే చేసిన. ఆరు రోజులు దిగి, భయపడి ఏడిస్తే మీ నాయిననే పైకి తోలుకొచ్చిండు."

అందరూ లేచారు. గిన్నెలు, సంచులు ఎత్తుకుని ఏటి మధ్యలో రాళ్ల మీదికి వెళ్లి, ఎండలో కూర్చుని తిన్నారు. రవికాంత్ "నీళ్లు తాగుతారా అండీ?" అని మర్యాదగా అడిగాడు. ఆ మర్యాద తిట్టుకన్నా ఎక్కువగా తగిలింది. వాళ్లు తిని లేచేదాకా బండ పడలేదు. పడి ఉంటే కనీసం లేపినందుకైనా మంచి పేరు వచ్చేది కదా అనిపించింది సదయ్యకు. అలా అనిపించినందుకు మళ్లీ సిగ్గుపడ్డాడు.

తిరుగుదారిలో అందరికన్నా వెనక నడిచాడు. ఏరు దాటే చోట మమత ఆగి ఉంది.

"మరి నాయిన ఆఖరి మాట?"

"నేను వినలే. బండ పడ్డంక ఎవ్వరు వినలే. నువ్వు ఏడుస్తున్నవని నేనే కల్పించిన."

ఆమె నీళ్ల వైపు తిరిగింది. "ఆ రోజు నాయినను చూసినవా, అసలు?"

"చూసిన. ఫస్టు షిఫ్టు. మూడు వందల పద్దెనిమిదో నంబరు ల్యాంపు. పట్టీ తెగిందని వాపసు ఇచ్చిండు. నేను ఇంకో పట్టీ ఏసి ఇచ్చిన. జల్ది ఇయ్యి సదయ్యా, ఆలస్యమైతుంది అన్నడు. గంతే. మధ్యాహ్నం అన్ని ల్యాంపులు తిరిగొచ్చినయి, గా నంబరు ల్యాంపు తగిలించే కొక్కెం ఒక్కటే ఖాళీగుండె. నా డ్యూటీ అయిపోయినా నేను ఇంటికి పోలే."

ముప్పై ఏళ్లలో ఈ ఒక్క కథ ఆయన ఎవరికీ చెప్పలేదు. తన సొంత కథ ఇదొక్కటే.

మమత ఆయన మొహంలోకి చూసింది. "గిదన్న నిజమేనా కాకా?"

"నిజమే బిడ్డా" అన్నాడు సదయ్య.

అన్నాక తన గొంతు తనకే వినిపించింది. ఎనిమిదేళ్ల పిల్లకు ఆఖరి మాట కల్పించి చెప్పిన రోజున కూడా సరిగ్గా ఈ గొంతుతోనే చెప్పాడు.

మమత చేయి చాచి, ఇంకా ఆయన చేతిలోనే ఉన్న తన కర్ర తీసుకుని, నీళ్లలోకి దిగి ముందుకు నడిచింది.