రేకులో చుట్టిన తాళంచెవి

గుమస్తాగారు వీధి తలుపుకు తాళం వేసి, దాన్ని పట్టుకుని వేలాడి చూస్తారు. నాలుగడుగులు వేసి, వెనక్కొచ్చి మళ్లీ వేలాడతారు. పక్కింటివాళ్లు అది వ్యాయామం అనుకుంటారు. తాళంచెవి జేబులో ఉంటే చాలు, దానంతటదే తెరుచుకునే కారు కొన్నప్పటి నుంచి ఆయనకు కంటి మీద కునుకు లేదు. తాళంచెవి సిగ్నల్‌ని దొంగలు గాల్లోంచే పట్టేస్తారని ఎవరో చెప్పారు. అంతే, వంటింట్లోని సిల్వర్ ఫాయిల్ తెచ్చి దానికి చుట్టబెట్టారు. రెండో తాళంచెవికీ చుట్టి, ఇంట్లో ఉంటే ప్రమాదమని కారు డాష్‌బోర్డు సొరుగులోనే దాచారు.

ఆవేళ కంటి ఆపరేషన్ అయిన మావగారిని ఆసుపత్రి నుంచి తీసుకెళ్లడానికి భార్యతో వచ్చారు. ఫాయిల్ విప్పి డిక్కీ తెరిచారు, తెరవగానే జాగ్రత్తగా మళ్లీ చుట్టారు, మందుల సంచీతో పాటు దాన్నీ లోపల పెట్టి మూత వేశారు. తాళంచెవి లోపలుంటే మూసుకోనని మొరాయించాల్సిన కారు, ఫాయిల్ పుణ్యమా అని ఏమీ ఎరగనట్టు తాళం వేసేసుకుంది.

"రెండోది ఉందిగా?" అంది భార్య.

ఆయన అద్దంలోంచి సొరుగు చూపించారు.

"అల్లుడుగారు ఏం చేస్తున్నారమ్మా? నాకేం కనపడట్లేదు" అన్నారు ఎండలో, కళ్లకు కట్టుతో నిలబడ్డ మావగారు.

"కనపడకపోవడమే మంచిది నాన్నా" అని ఆవిడ టాక్సీకి ఫోన్ చేసింది.

గుమస్తాగారు ఒక్కో తలుపునూ పట్టుకుని వేలాడి చూశారు. ఏదీ కదల్లేదు. ఆయన ముఖం మెల్లగా వెలిగింది.

"చూశావుటే, యజమానికే తెరుచుకోవట్లేదు. ఇక దొంగవెధవకేం తెరుచుకుంటుంది!"