అప్పన్న అంకుల్‌కి మైనస్ మార్కులు

హాజరైనవారు: మా సాఫ్ట్‌బాల్ క్లబ్బు కమిటీ సభ్యులు పదకొండు మంది. హాజరైన వస్తువులు: గోడ మీద చెక్క బోర్డు ఒకటి, దాని మీద పదకొండు పేర్లు, పన్నెండో పేరుకి ఖాళీ, పాత స్కోరు పుస్తకాలు పందొమ్మిది, ప్రొజెక్టర్ ఒకటి, ఉల్లిపాయ పకోడీలు రెండు ట్రేలు, ల్యాప్‌టాప్ పట్టుకుని నేను. ఒక మంచిమనిషి పరువు తీయడానికి ఇంతకంటే సరంజామా అక్కర్లేదని నాకప్పటికి తెలియదు. నలభై నిమిషాల్లో తెలిసింది.

మేముంటున్న లోవర్ హట్ అనే ఈ విదేశీ ఊళ్ళో క్లబ్బు పెట్టింది ఫిజీ నుంచి వచ్చిన తెలుగువాళ్ళు. సాఫ్ట్‌బాల్ అంటే బేస్‌బాల్‌కి చెల్లెలు అనుకోండి: బంతి కొట్టి, నాలుగు బేసులూ చుట్టి, మొదలుపెట్టిన చోటికి, అంటే 'ఇంటికి' చేరితే ఒక పరుగు. బోర్డు మీద పేరెక్కాలంటే గొప్పగా ఆడి ఉండాలి, ఆట మానేసి ఉండాలి. మిగిలింది ఒక్క చోటు. ఇంకో బోర్డు పెడదామంటే గోడ లేదు. ఒక పక్క కిటికీ, ఇంకో పక్క ఫ్రిజ్.

ఆ చోటుకి పోటీ ఇద్దరి మధ్య. ఒకరు రాజు అంకుల్. ఆయన కొడితే బంతి కార్ పార్క్‌లో పడేది. నాలుగుసార్లు రిటైరయ్యాడు, సీజన్ మొదలయ్యే అక్టోబర్లో ప్రతిసారీ తిరిగొచ్చాడు. అయిదోసారి మోకాలే రిటైరైంది. రెండోవారు అప్పన్న అంకుల్. ఇరవై మూడు సీజన్లు ఆడారు. ఆయన బంతి కార్ పార్క్ దాకా కాదు, మైదానం మధ్య దాకా కూడా వెళ్ళేది కాదని విన్నాను. ఎవరి పేరు చెక్కాలని మూడేళ్ళుగా వాదిస్తున్నారు. ఆ వాదనలో ఇప్పటికి రెండు కుర్చీలు విరిగాయి.

ఇక్కడో సంగతి ఒప్పుకోవాలి. నేను వరంగల్ నుంచి చదువుకని వచ్చి, ఇంజినీరునై ఇక్కడే సెటిలైనవాణ్ణి. మొదటి చలికాలంలో నా ఫ్లాట్‌లో హీటర్ లేదని విని, ఎవరో తెలియని నాకు అప్పన్న అంకుల్ కారులో హీటరూ, రెండు దుప్పట్లూ, ఒక గిన్నెడు చేపల పులుసూ తెచ్చి ఇచ్చారు. ఆనాటి నుంచి ప్రతి ఆదివారం నా భోజనం వాళ్ళింట్లోనే. ఆయన పేరు బోర్డెక్కాలని నాకంటే ఎక్కువ కోరుకున్నవాడు లేడు. కానీ పక్షపాతమని ఎవరూ అనకూడదు కదా. శంఖంలో పోస్తేనే తీర్థమంటారు. స్ప్రెడ్‌షీట్‌లో పోస్తేనే నిజమని నేననుకునేవాణ్ణి.

అందుకని ఆరు వారాలు కూర్చుని పందొమ్మిది పుస్తకాలూ ఎక్కించాను. పరుగుకి ప్లస్ రెండు. మంచి దెబ్బకి ప్లస్ ఒకటి. ఔటైతే మైనస్ రెండు. మా వీధి క్రికెట్‌లో ఔటైనవాడు బ్యాటు తిరిగిచ్చే ముందు పావుగంట పోట్లాడేవాడు. ఔటవడమంటే నాకు తెలిసిన నేరాల్లో అతి పెద్దది. నిజానికి మైనస్ మూడు పెట్టి, జాలిపడి రెండుకి తగ్గించాను.

మీటింగ్ మొదలవగానే ఒక కాగితం పంచాను. నాలుగు నియమాలు, కింద సంతకాలు.

"నాలుగోది గట్టిగా చదువు," అంది సావిత్రి ఆంటీ. ఆవిడ క్లబ్బు ప్రెసిడెంటు. పందొమ్మిది పుస్తకాల్లోనూ స్కోరు రాసిందీ ఆవిడే.

"ఒకసారి ఫలితం వచ్చాక ఫార్ములా మార్చరాదు. ఫలితానికి అందరూ కట్టుబడాలి."

"బాగుంది. రేపు నా కుర్చీలు విరక్కుండా ఉంటాయి."

అందరూ సంతకం పెట్టారు. అప్పన్న అంకుల్ కళ్ళజోడు పెట్టుకుని, నాలుగూ రెండుసార్లు చదివి మరీ పెట్టారు. నేను మీట నొక్కాను. తెర మీద అడుగు ఎత్తు అంకెలు వచ్చాయి.

రాజు: 412.
అప్పన్న: మైనస్ 186.

పకోడీ నమిలే చప్పుడు ఆగిపోయింది.

"బాబూ, ఆ గీత ఏంటి?" అని అడిగారు అప్పన్న అంకుల్.

"మైనస్, అంకుల్."

"అంటే?"

అక్కడ నోరు మూసుకుని ఉంటే ఈ కథ ఇంత దూరం వచ్చేది కాదు. ప్రశ్న అడిగితే సరైన జవాబు చెప్పడం నాకున్న జబ్బు. "అంటే, మీరు అసలు ఆడకపోయి ఉంటే క్లబ్బుకి నూట ఎనభై ఆరు పాయింట్లు మిగిలేవన్నమాట."

తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదంటారు. నేను లెక్కపెట్టడమే కాదు, ముందు మైనస్ గుర్తు పెట్టి ప్రొజెక్టర్ మీద కూడా వేశాను.

ముందు లేచింది రాజు అంకుల్. గెలిచినవాడు కదా, సంతోషం పట్టలేక లేచాడనుకున్నాను.

"ఒరేయ్ ఇంజినీరూ! ఏ పుస్తకమైనా తియ్యి. ఏ పేజీ అయినా సరే. నేను ఇంటికి చేరి పరుగు తీశానే, దానికి ముందు ఆడింది ఎవరు?"

తీశాను. "అప్పన్న. ఔట్."

"ఇంకో పేజీ."

"అప్పన్న. ఔట్."

"నేను బేస్ మీద ఇరుక్కుని ఉంటే, మా అన్న బంతిని మెల్లిగా కాళ్ళ ముందు పడేసేవాడు. వాళ్ళు దాన్ని ఏరుకుని ఆయన్ని ఔట్ చేసేలోగా నేను ముందు బేస్‌కి ఉరికేవాణ్ణి. కావాలనే ఔటయ్యేవాడురా! నీ నాలుగు వందల పన్నెండులో సగం ఆయన మోసుకొచ్చినవే."

కావాలని ఔటవడం! వరంగల్లో ఆ మాట పైకి అంటే మా జట్టువాళ్ళు డాక్టరుకి చూపించేవాళ్ళు.

సావిత్రి ఆంటీ పుస్తకం లాక్కుని వేలు పెట్టి చూపించింది. "ఆ ఔట్ చుట్టూ సున్నా చుట్టాను, కనపళ్ళేదా? త్యాగం చేసిన ప్రతిసారీ చుట్టాను. వీటిని ఏం చేశావు?"

నా దగ్గర జవాబుంది. స్ప్రెడ్‌షీట్ అడుగున రాసుకున్నాను. చదివాను: "గమనిక ఏడు. కొన్ని ఔట్ల చుట్టూ సున్నా ఉన్నది. కారణం తెలియదు. లెక్కలోకి తీసుకోలేదు."

"రాసిందాన్ని నేను ఇక్కడే ఉన్నాను కదయ్యా! ఆరు వారాల్లో ఒక్కసారి అడగడానికి ఏమొచ్చింది?"

"ప్రభావితం కాకూడదని, ఆంటీ."

ఆవిడ పకోడీల ట్రే నాకు అందనంత దూరం జరిపింది.

చెమటలు కక్కుతూ సున్నాలు ఏరాను. రెండు వందల పదమూడు. వాటికి మైనస్ రెండు తీసేసి, ప్లస్ ఒకటి పెట్టి మళ్ళీ నొక్కాను. అప్పన్న: 453. గదంతా చప్పట్లు. రాజు అంకుల్ బల్ల గుద్దితే ప్రొజెక్టర్ పక్కకి ఒరిగింది. బతికిపోయాననుకున్నాను.

అప్పన్న అంకుల్ మాత్రం చప్పట్లు కొట్టలేదు. కాగితం తీసి నాలుగో నియమం మీద వేలు పెట్టారు.

"ఒకసారి ఫలితం వచ్చాక మార్చరాదన్నావు కదా, బాబూ."

"అంకుల్, అది నా తప్పు..."

"మా తాత ఏం రాసుందో తెలియకుండా కూలి ఒప్పందం మీద వేలిముద్ర వేసి, ఓడెక్కి ఫిజీ వెళ్ళి, అందులో ఉన్న అయిదేళ్ళూ చెరుకు నరికాడు. మధ్యలో పారిపోలేదు. నేను కళ్ళజోడు పెట్టుకుని, రెండుసార్లు చదివి మరీ పెట్టాను. రాజు పేరే చెక్కించండి."

"అన్నా, నేనొప్పుకోను!" అన్నాడు రాజు అంకుల్.

"నువ్వు పరిగెత్తు. ఔటయ్యేది నేను కదా."

ఇరవై మూడు సీజన్లు వాళ్ళిద్దరూ ఎలా ఆడారో నేను చూడలేదు. ఆ ఒక్కటి చూశాను. రాజు అంకుల్ కళ్ళు తుడుచుకుని ఒక్క షరతు పెట్టాడు: తన పేరు చుట్టూ సున్నా చెక్కాలి. సావిత్రి ఆంటీ ఇంకో షరతు కలిపింది: ఆ సున్నా ఏమిటని అడిగిన ప్రతి ఒక్కరికీ నేనే, నిలబడి, గమనిక ఏడుతో సహా చెప్పాలి. రెండూ ఏకగ్రీవంగా ఆమోదించారు. ఈసారి సంతకం పెట్టే ముందు నేనూ రెండుసార్లు చదివాను.

మర్నాడు ఆదివారం. వెళ్ళాలా వద్దా అని బస్టాపులో మూడు బస్సులు వదిలేశాను. నాలుగోది ఎక్కి వెళ్తే, తలుపు తీసి అప్పన్న అంకుల్ లోపలికి కేకేశారు. "ఏమే, మైనస్ బాబు వచ్చాడు, చేప ముక్కలు ఎంచి పెట్టు!" ఎప్పుడూ రెండే వేసేవాళ్ళు. ఆ రోజు మూడు పడ్డాయి.

కాబట్టి పాఠకుల సాక్షిగా, ఆ చెక్క బోర్డు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: పుస్తకం రాసిన మనిషి ఎదురుగా కూర్చుని పకోడీ తింటూ ఉండగా, ఆవిణ్ణి అడగకుండా ఏ గుర్తుకీ విలువ కట్టను. ఎవరి జీవితానికీ ముందు మైనస్ పెట్టను.

ఇక ఆ సున్నా సంగతి. క్లబ్బుకి కొత్తవాళ్ళు వస్తూనే ఉంటారు, అందరూ అడుగుతూనే ఉంటారు. నేను నిలబడి చెప్పడం, నిన్నటికి నలభై ఒక్కసారి.