పళ్లెంలో తిరిగి పెట్టిన వాగ్దానం

ఏడేళ్లు నేనొక రోగంతో తిరిగాను, సహోదర సహోదరీలారా! దానికి జ్వరం లేదు, నొప్పి లేదు, ఏ డాక్టరూ దాని పేరు కాగితం మీద రాయలేదు, పైగా చూసేవాళ్లకు అది రోగంలా కాక భక్తిలా కనిపించేది. ఆ రోగం పేరు ‘వచ్చే ఏడాది’. ఆ బంధకంలో నుండి నన్ను బయటికి తెచ్చిన దేవునికే మహిమ అని ముందుగా ఒప్పుకొని, నా డైరీల్లో ఉన్నది ఉన్నట్టు మీ ముందు పెడుతున్నాను.

నేను వనపర్తిలో ఒక ప్రభుత్వ ఆసుపత్రి కాన్పుల వార్డులో స్టాఫ్ నర్సును. వయసు నలభై నాలుగు, సర్వీసు పంతొమ్మిదేళ్లు. కాన్పు చేసే చేతులు దేవుడు నాకు ఇచ్చాడు గాని, ఆ పనిని పదిమందికి పద్ధతిగా నేర్పేంత చదువు నాకు లేదని, విదేశానికి వెళ్లి మిడ్‌వైఫరీలో మాస్టర్స్ చేసి వచ్చి ఇక్కడి ఆడపిల్లలకు నేర్పాలని ముప్పై ఏడో ఏట నా మీద ఒక భారం పడింది. నేను ఎంచుకున్న యూనివర్సిటీలో తరగతులు ఏటా సెప్టెంబరులో మొదలవుతాయి, దరఖాస్తులు జనవరి ఆఖరుకు ముగుస్తాయి. వెళ్లాలా వద్దా అనే సందేహం నాకు ఏనాడూ లేదు. ఎప్పుడు దరఖాస్తు చేయాలన్నదే తేలలేదు.

మొదటి ఏడు మా అమ్మాయి చిన్నదన్నాను, మరుసటి ఏడు అత్తమ్మకు కంటి ఆపరేషన్ అన్నాను, ఆ పై ఏడు బదిలీల పుకారు అన్నాను. ఇంగ్లీషు పరీక్ష రాసి, కావలసిన మార్కులు తెచ్చుకొని కూడా, అవి చెల్లుబాటయ్యే రెండేళ్లూ బీరువాలో పెట్టి చెల్లకుండా పోగొట్టుకున్నాను! నాకంటే పదేళ్లు చిన్నదైన ఒక నర్సుకు అదే దరఖాస్తు ఎలా నింపాలో నేనే కూర్చోబెట్టి చూపించాను; ఆమె వెళ్లే రోజున వార్డంతా మిఠాయి పంచుకుంటుంటే నేను స్టోరు గదిలో దూది కట్టలు లెక్కపెడుతూ నిలబడ్డాను, ఒకసారి సరిపోయిన లెక్కను మళ్లీ పెట్టాను. ఆ రోజు డైరీలో ఒక్క మాటే ఉంది: ఓర్వలేకపోయాను.

మరి ప్రార్థించలేదా అని మీరు అడగవచ్చు. ప్రార్థించాను, అక్కడే నా పాపం దాగి ఉంది! మన సంఘంలో జనవరి ఒకటిన ఆరాధన ముగిశాక వాగ్దాన కార్డుల పళ్లెం వస్తుంది, తలా ఒక కార్డు తీసుకొని అందులోని వాక్యాన్ని సంవత్సరమంతా పట్టుకుంటాము. నేను ఆ కార్డును నా దరఖాస్తు మీద తీర్పుగా పెట్టుకున్నాను. కనిపెట్టుకొని ఉండమని వస్తే ఆగమన్నాడు అన్నాను. భయపడవద్దని వస్తే ఉన్నచోటనే భయపడకుండా ఉండమన్నాడు అన్నాను. నడిపిస్తానని వస్తే ఎక్కడికో చెప్పలేదు కదా అన్నాను. ఏ కార్డు వచ్చినా దాన్ని డైరీ మొదటి పేజీలో అతికించి, ఆ ఏటికి ఆ పని ముగిసిందనుకునేదాన్ని.

పోయిన నవంబరులో రెండు సంగతులు ఒకేసారి మీద పడ్డాయి. రెండోసారి రాసిన ఇంగ్లీషు పరీక్ష మార్కులు మార్చి నెల దాటితే చెల్లవు. దానికి తోడు, నలభై ఐదు దాటితే చదువు సెలవు మంజూరు కాదని మా ఆఫీసులో చెప్పారు. అంటే నాకు మిగిలింది ఒక్క జనవరి. అప్పటికైనా నేను లేచానా? లేదు సహోదరులారా, కొత్త సంవత్సరం కార్డు తీశాక చూద్దామనుకున్నాను!

ఆ వారం మానవపాడులో మా అత్తమ్మ దగ్గరికి వెళ్లాము. డెబ్భై దాటిన మనిషి, చదువు రాదు, ప్రార్థన మానదు. మధ్యాహ్నం వాకిట్లో విత్తనానికని పల్లికాయలు ఒలుస్తూ ఉంటే, నేనూ మా ఆయన రాజారత్నమూ చెరోపక్క కూర్చున్నాము.

“కాయిదాలు ఎప్పుడు పంపుతవే?” అని అడిగింది ఆమె.

“జనవరిల వాగ్దానం తీసినంక చూస్త అత్తమ్మా.”

“ఏడేండ్ల సంది గదే చూస్తున్నవు. దేవుడు నీకు ఏమేం చెప్పిండో జర సదువు, నేను గూడ ఇంట.”

ఆ కార్డులను ముందు పెట్టుకొని ప్రార్థించాలని డైరీలన్నీ సంచిలో తెచ్చుకున్నాను. ఒక్కొక్కటే తీసి మొదటి పేజీ చదువుతూ వెళ్లాను. నాలుగో డైరీ దగ్గర ఆగిపోయాను. అతికించిన కార్డు కింద, నా చేతిరాతతోనే ఇలా ఉంది: ‘మొదట వచ్చినది, ఉన్న చోటు విడిచి బయలుదేరమన్న వాక్యం. పళ్లెంలో తిరిగి పెట్టాను. రెండోది, కనిపెట్టుకొనమన్న వాక్యం. అతికించాను.’ నాలుగేళ్ల కిందట ఏదీ వదలకుండా రాసే నా అలవాటు దాన్ని కూడా రాసింది, నేను మాత్రం మరచిపోయాను. అత్తమ్మకు చదువు రాదు. ఆ రెండు పంక్తులు దాటేస్తే అడిగేవాళ్లు లేరు. కానీ ప్రభువు నన్ను దాటనివ్వలేదు. చదివాను.

“ఒక్క మనిషికి రెండు చీటీలెందుకే?” అంది అత్తమ్మ.

“మొదటిది నచ్చలే అత్తమ్మా.”

మా ఆయన పకపకా నవ్వాడు. “పోయిన యాడాది నాది మార్చుకుంటనంటె పాస్టర్ అయ్యగారి ముంగటనే నా చెయ్యి మీద కొడ్తివి గద!”

“నువ్వు నవ్వకురా, నీది గూడ సదివిపిస్త,” అని ఆయన్ను కసిరి, ఆమె నా వైపు తిరిగింది. “చీటీ సంగతి ఇడిసిపెట్టు. విత్తనం పెట్టేటోడు అదును చూస్తడు గని, కండ్లు మూసుకొని చీటీ తీస్తడా? అసలు నీకేం భయమే? గది చెప్పు.”

ఏడేళ్లలో నన్ను ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు, నన్ను నేనూ ప్రశ్నించుకోలేదు. “చిన్న పిల్లల నడుమ కూసోవాలె అత్తమ్మా. నాకు తెల్వదని అందరికి తెలుస్తది.”

“తెల్వకనే గద సదువుకు పోయేది!” అందామె.

అక్కడే, ఆ పల్లి పొట్టులోనే మోకరించాను. “ప్రభువా, నా భయానికి నీ పేరు పెట్టాను. నీవు ఆగమనలేదు, నేను ఆగి ఆ నేరం నీ మీద వేశాను. సీటు ఇమ్మని ఇప్పుడు అడగను. నన్ను క్షమించు, నేను పెట్టుకునే తేదీని నేనే మార్చుకోకుండా ఈ చేతిని పట్టుకో” అని ఏడ్చాను. ఆ మొదటి కార్డే దేవుని ఆజ్ఞ అని నేను ఇప్పటికీ చెప్పను. జవాబు నచ్చక దాన్ని మార్చుకున్న నా చెయ్యే నాకు కనబడింది. లేచి డైరీలో డిసెంబరు పద్దెనిమిది అని రాశాను. కార్డుల పళ్లెం రావడానికి పద్నాలుగు రోజుల ముందు! కావాలనే ముందు పెట్టాను.

సిఫారసు లేఖ కోసం నాగర్‌కర్నూలులో ఉన్న మా నర్సింగ్ టీచరమ్మ దగ్గరికి వెళ్లాను. “రెండుసార్లు రాసిపెట్టిన, రెండుసార్లు పాతబడ్డది. ఈసారన్న పంపుతవా, మల్ల బీరువల పెడ్తవా?” అని నిలదీసి, నా ఎదుటే మూడోసారి రాసింది. నా గురించి రాయవలసిన వ్యాసాన్ని పదకొండుసార్లు కొట్టివేసి రాశాను. డిసెంబరు పద్దెనిమిదిన పొద్దుటి డ్యూటీలో మూడు కాన్పులు చేసి, మధ్యాహ్నం ఇంటికి వచ్చి కంప్యూటరు ముందు కూర్చుంటే, చివరి బటను దాకా వచ్చి, నింపినదంతా మళ్లీ మొదటి నుంచి చదవబోయాను. “ఒత్తు! నేను వంట నేర్చుకుంట తియ్, నీ పప్పు కంటె నయమే ఉంటది,” అన్నాడు మా ఆయన. మూడు గంటల ఇరవై నిమిషాలకు ఒత్తాను. స్తోత్రం!

జవాబు ఇంకా రాలేదు, సహోదరులారా. “సీటు వచ్చినంక సాక్ష్యం చెప్తె బాగుంటది గదమ్మా,” అని పాస్టర్ అయ్యగారు ప్రేమతోనే అన్నారు. సీటు కోసం ఆగితే అది సీటును గురించిన సాక్ష్యం అవుతుంది అయ్యగారూ, విడుదల నాకు ఇప్పటికే వచ్చింది అని మనవి చేసి ఇవాళే నిలబడ్డాను. సీటు ఇస్తే వెళ్తాను, ఇవ్వకపోతే ఎందుకివ్వలేదో అడిగి తెలుసుకొని, అవసరమైతే ఇంగ్లీషు పరీక్ష మళ్లీ రాసి, సెలవు గడువులోపే, జనవరి దాటాక కూడా దరఖాస్తులు తీసుకునే మరో యూనివర్సిటీకి పంపుతాను. రెండింటిలోనూ దేవుడు నాతో ఉంటాడు.

మీలో ఎవరైనా చదువుకో, పరీక్షకో, ఉద్యోగానికో కాగితాలు నింపకుండా, దేవుడు చెప్పలేదని ఆపి ఉంటే, ఆయనను నమ్మి మీ భయం పేరు ఆయనకు చెప్పండి, ఆయన తోసివేయడు. ఆరాధన అయ్యాక నేను గేటు పక్కన బెంచీ మీద ఉంటాను, పెన్ను నా దగ్గర ఉంది. కాగితాలు తీసుకొని రండి, ప్రార్థించి, ఇవాళే నింపుదాం. దేవునికే మహిమ, ఆమేన్.